మధ్యాహ్నం కరెంటు

2025 జూన్ నెలాఖరుకు భారతదేశపు కరెంటు లెక్కలో ఒక పెద్ద మార్పు కనిపించింది. దేశంలో ఉన్న విద్యుత్ కేంద్రాలన్నిటి సామర్థ్యం కలిపితే దాదాపు 485 గిగావాట్లు. అందులో సగానికి బొగ్గుతో పని లేదు. గ్యాసుతో, డీజిలుతో కూడా పని లేదు. ఆ సగం ఎండ నుంచి, గాలి నుంచి, నీటి నుంచి, అణుశక్తి నుంచి, పంట వ్యర్థాల నుంచి వచ్చేది. 2030 నాటికి ఈ సగాన్ని అందుకుంటామని భారతదేశం ప్రపంచ దేశాలకు మాట ఇచ్చింది. ఐదేళ్లు ముందుగానే అందుకుంది.

ఇందులో ఎక్కువ పెరిగింది ఎండ వాటా. 2014 మార్చిలో దేశం మొత్తం మీద సోలార్ సామర్థ్యం మూడు గిగావాట్లకు లోపే. 2025 జనవరి నెలాఖరుకు అది 100 గిగావాట్లు దాటింది. అదే ఏడాది చివరికి 130 కూడా దాటింది. అంటే ఒక్క ఏడాదిలో చేరిన సామర్థ్యమే 30 గిగావాట్లకు పైన. సోలార్ పలక ధర పదిహేనేళ్ల కిందటి ధరలో దాదాపు పదో వంతుకు దిగివచ్చింది. ఈ పెరుగుదలకు అన్నిటికన్నా పెద్ద కారణం అదే.

మిగతా ప్రపంచంలోనూ పరిస్థితి ఇలాగే ఉంది. 2025 మొదటి ఆరు నెలల్లో ఎండ, గాలి, నీరు వంటి వాటి నుంచి వచ్చిన కరెంటు, బొగ్గు కరెంటును మించింది. ఒక అర్ధ సంవత్సరం లెక్కలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. బొగ్గు కరెంటుకు పుట్టినిల్లు బ్రిటన్. 1882లో లండన్‌లో తొలి బొగ్గు విద్యుత్ కేంద్రం పెట్టిన దేశం అది. అక్కడ చిట్టచివరి బొగ్గు కేంద్రాన్ని 2024 సెప్టెంబర్ 30న మూసేశారు.

మంచి వార్తే. కానీ వార్తను సరిగ్గా అర్థం చేసుకోవాలి. దేశపు సామర్థ్యంలో సగం అంటే, మన ఇంట్లో వెలిగే బల్బులో సగం వెలుగు ఎండదని కాదు. సామర్థ్యం వేరు, ఉత్పత్తి వేరు. ఒక రైతుకు పది ఎకరాలు ఉన్నాయనుకుందాం. ఐదు ఎకరాలు మాగాణి. ఐదు ఎకరాలు మెట్ట. భూమి సగం సగమే. గాదెలోకి వచ్చే గింజలు మాత్రం సగం సగం కావు. మాగాణిలో రెండు పంటలు పండుతాయి. మెట్టలో వాన పడితేనే పంట. విద్యుత్ కేంద్రాల లెక్క కూడా ఇంతే.

దీన్ని యూనిట్లలో చూస్తే ఇంకా తేలిక. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె ఆగకుండా ఒక గంట కాలితే ఒక యూనిట్. ఒక కిలోవాట్ సోలార్ పలకలు మన ప్రాంతంలో రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తాయి. అదే ఒక కిలోవాట్ బొగ్గు కేంద్రంలో అయితే రోజుకు 16 యూనిట్ల దాకా వస్తాయి. కారణం తెలిసిందే. బొగ్గు రాత్రి కూడా మండుతుంది. ఎండ రాత్రి కాయదు. అందుకే సామర్థ్యంలో సగం దాటినా, దేశంలో వాడే ప్రతి పది యూనిట్లలో దాదాపు ఏడు ఇప్పటికీ బొగ్గువే. 2025లో బొగ్గు వాడకం కొంత తగ్గిన మాట నిజం. ఆ ఏడాది వానలు ముందే రావడం, ఏసీలు తక్కువ తిరగడం కూడా అందుకు తోడయ్యాయి. ఆ సంగతి దాచకూడదు.

అసలు విషయం ఇక్కడ మొదలవుతుంది. ఎండ కరెంటు రోజంతా ఒకేలా రాదు. పొద్దు పొడిచాక కొద్దిగా మొదలవుతుంది. పదింటికి ఊపందుకుంటుంది. పన్నెండు, ఒంటిగంట మధ్య నిండుగా ఉంటుంది. నాలుగింటికి తగ్గుతుంది. ఆరింటికి ఆగిపోతుంది. మరి ఇళ్లలో వాడకం ఎప్పుడు ఎక్కువ? సరిగ్గా ఆరు దాటాకే. దీపాలు, ఫ్యాన్లు, టీవీ, ఏసీ అన్నీ అప్పుడే. వీధి దీపాలూ అప్పుడే. ఎండ వెళ్లిపోయిన వేళకు అవసరం తలుపు తడుతుంది.

ఈ తేడా ఎంత పెద్దదో కరెంటు బజారు చెబుతుంది. డిస్కంలు, అంటే మనకు కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థలు, తక్కువపడిన కరెంటును విద్యుత్ ఎక్స్ఛేంజీలో కొంటాయి. అక్కడ ధర పావుగంటకు ఒకసారి మారుతుంది. 2025 మే నెలలో ఒక ఆదివారం పగటి వేళ, అప్పటికప్పుడు కొనే కరెంటు ధర దాదాపు సున్నాకు పడిపోయింది. ఫ్యాక్టరీలకు సెలవు. వానలతో వాతావరణం చల్లబడింది. సోలార్ పలకలు మాత్రం పనిచేస్తూనే ఉన్నాయి. కొనేవాళ్లు లేరు. అదే బజారులో యూనిట్ ధరకు గరిష్ఠ పరిమితి 10 రూపాయలు. ఎండాకాలపు సాయంత్రాల్లో ధర ఆ పరిమితిని తాకిన సందర్భాలు చాలానే ఉన్నాయి. మధ్యాహ్నం ఊరికే ఇస్తామన్నా అడిగేవాళ్లు లేని సరుకు, దీపాలు పెట్టే వేళకు పది రూపాయలు.

రాజస్థాన్‌లో ఇంకో చిక్కు వచ్చింది. అక్కడి ఎడారిలో సోలార్ కేంద్రాలు వేగంగా లేచాయి. కరెంటును బయటికి తీసుకెళ్లే పెద్ద లైన్లు అంత వేగంగా పడలేదు. దాంతో 2025లో చాలా మధ్యాహ్నాలు కొన్ని కేంద్రాలను ఉత్పత్తి తగ్గించమన్నారు. ఎండ ఉంది, పలక ఉంది. కరెంటును తీసుకెళ్లే లైను మాత్రం చాలలేదు.

కాబట్టి పలకలు పెట్టడం సగం పనే. ఎండ కరెంటును ఎండ ఉన్నప్పుడే వాడుకోవడం మిగతా సగం. ఈ ప్రసంగంలో గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇదొక్కటే. బరువైన పని మధ్యాహ్నానికి. మళ్లీ చెప్పుకుందాం. కరెంటు ఎక్కువ తినే పని ఏదైనా, వీలైతే పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు లోపల.

ఇంట్లో బరువైన పని ఏది? దీపం కాదు. ఇప్పటి ఎల్ఈడీ బల్బు తొమ్మిది వాట్లే. రాత్రంతా వెలిగినా యూనిట్‌లో పదో వంతు దాకానే. ఫ్యాన్ కూడా పెద్దది కాదు. నీళ్ల మోటారు పెద్దది. ఒక హార్స్ పవర్ మోటారు గంటకు ముప్పావు యూనిట్ పైనే తీసుకుంటుంది. గీజర్ ఇంకా పెద్దది. రెండు కిలోవాట్ల గీజర్ అరగంటలో ఒక యూనిట్ మింగేస్తుంది. ఇస్త్రీ పెట్టె, వాషింగ్ మెషీన్, ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్, కరెంటు పొయ్యి, స్కూటర్ చార్జింగ్. ఇవీ బరువైన పనులే.

వీటిలో కొన్నిటికి వేళ మార్చడం కుదరదు. పొద్దున్నే స్నానానికి వేడినీళ్లు కావాలి. రాత్రి ఉక్కపోతకు ఏసీ కావాలి. వాటిని ఆపమని ఎవరూ అనరు. అంటే ఎవరూ వినరు కూడా. మిగతా వాటికి వేళ మన చేతిలో ఉంది. ఉదాహరణకు ట్యాంకు నింపే మోటారు. చాలా ఇళ్లలో తెల్లవారగానే ఒకసారి, దీపాలు పెట్టాక ఒకసారి మోటారు వేస్తారు. అలవాటే తప్ప అందులో అవసరం లేదు. ట్యాంకు పెద్దదైతే మధ్యాహ్నం ఒక్కసారి నింపితే చాలు. నీళ్లు మర్నాటి దాకా ఉంటాయి. అంటే మధ్యాహ్నపు కరెంటు నీళ్ల రూపంలో ట్యాంకులో నిలవ ఉన్నట్టే. ఇడ్లీ పిండిని కూడా రెండింటికి రుబ్బి పెడితే రాత్రికి పొంగుతుంది. ఇంట్లో అందరూ ఉద్యోగాలకు వెళ్లిపోతే? చాలా వాషింగ్ మెషీన్లలో ఆలస్యంగా మొదలయ్యే ఏర్పాటు ఉంటుంది. మోటారుకు టైమర్ స్విచ్చి దొరుకుతుంది. ఎలక్ట్రీషియన్ దాన్ని కాసేపట్లో బిగిస్తాడు.

ఊరి లెక్క ఇంటి లెక్కకన్నా పెద్దది. దాదాపు ప్రతి పంచాయతీలో మంచినీళ్ల ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది. దానికి మోటారు ఉంది. ఆ ఒక్క స్విచ్చి వేళ మారిస్తే వంద ఇళ్లలో గ్రైండర్ల వేళ మార్చినదానికన్నా ఎక్కువ ఫలితం. అపార్ట్‌మెంట్లలోనూ అంతే. సంపు నుంచి పైకి నీళ్లు ఎక్కించే మోటారును వాచ్‌మన్ ఎప్పుడు వేస్తున్నాడో ఒకసారి కనుక్కోవడం మంచిది.

వ్యవసాయ మోటార్ల సంగతి మరీ ముఖ్యం. తెలుగు రాష్ట్రాలు రెండిట్లో కలిపి నలభై లక్షలకు పైగా వ్యవసాయ మోటార్లు ఉన్నాయి. ఒకప్పుడు త్రీ ఫేజ్ కరెంటు అర్ధరాత్రి వచ్చేది. రైతు చేతిలో టార్చిలైటుతో పొలానికి వెళ్లేవాడు. పాము కాటుకు, కరెంటు షాకుకు ప్రాణాలు పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట తొమ్మిది గంటల సరఫరా వచ్చింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా వచ్చింది. పగటిపూట మోటారు నడవడం రైతు ప్రాణానికి మంచిది. ఇప్పుడు అది కరెంటు లెక్కకు కూడా మంచిదైంది. ఎందుకంటే ఎండ కరెంటు నిండుగా ఉండే వేళ అదే. 24 గంటలు కరెంటు ఉన్నచోట, కరెంటు రాగానే వాటంతటవే మొదలయ్యేలా ఆటో స్టార్టర్లు పెట్టిన మోటార్లు సాయంత్రాలూ రాత్రుళ్లూ కూడా తిరుగుతుంటాయి. బోరులో నీళ్లూ తోడేస్తాయి, సాయంత్రపు ఖరీదైన కరెంటూ తోడేస్తాయి. ఆటో స్టార్టర్ తీసేసి పగలు వేసుకుంటే రెండూ మిగులుతాయి.

కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన పీఎం కుసుమ్ పథకం ఈ దారిలోదే. కరెంటు లైను లేని పొలానికి సోలార్ పంపుసెట్టు ఇవ్వడం అందులో ఒక భాగం. వ్యవసాయ ఫీడర్‌కు, అంటే పొలాల మోటార్లకు కరెంటు తెచ్చే లైనుకు, దగ్గరలోనే చిన్న సోలార్ కేంద్రం పెట్టి, ఆ ఫీడర్ కింది మోటార్లన్నిటినీ పగలు నడపడం మరో భాగం. ఈ రెండో పద్ధతి మేలు. రైతు కొత్త పంపు కొననక్కర్లేదు. కరెంటు దూరం నుంచి రానక్కర్లేదు కాబట్టి లైన్లలో పోయే నష్టమూ తగ్గుతుంది.

ఇక డాబా మీద పలకల సంగతి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం 2024 ఫిబ్రవరిలో వచ్చింది. కోటి ఇళ్లకు సోలార్ పలకలు దాని లక్ష్యం. 2025 మార్చికి పది లక్షల ఇళ్లు పూర్తయ్యాయి. ఒక కిలోవాట్‌కు 30 వేలు, రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడు కిలోవాట్లకు గాని అంతకు మించి గాని 78 వేల రూపాయలు సబ్సిడీ. పని పూర్తయ్యాక ఆ డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. పలకలు, వాటిలోని సెల్స్ మన దేశంలో తయారైనవే అయి ఉండాలి. చవకగా వస్తున్నాయని విదేశీ పలకలు పెట్టించుకుంటే సబ్సిడీ రాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు రెండు కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టే కార్యక్రమం నడుస్తోంది. తెలంగాణలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లిని ఊరంతా సౌరగ్రామంగా మార్చారు.

ఒక కిలోవాట్ పలకలకు డాబా మీద సుమారు వంద చదరపు అడుగుల చోటు కావాలి. నీడ పడకూడదు. ఇది బాగా గుర్తుంచుకోవాలి. కొబ్బరి మట్ట నీడ ఒక్క పలక మీద పడినా, దాంతో వరసగా కలిపిన మిగతా పలకల కరెంటు కూడా తగ్గవచ్చు. పలకలు దక్షిణం వైపు వాలి ఉండాలి. మన ప్రాంతానికి 15 డిగ్రీల అటూఇటూ వాలు సరిపోతుంది. దుమ్ము పడితే ఉత్పత్తి పడిపోతుంది. వారానికో, రెండు వారాలకో పొద్దున్నే చల్లటి వేళ నీళ్లతో కడిగితే చాలు. ఇంకో మాట చాలామందికి వింతగా ఉంటుంది. మండుటెండలో పలక ఎక్కువ కరెంటు ఇస్తుందని అనుకుంటారు. వెలుగు ఎక్కువైతే ఇస్తుంది గాని, వేడి ఎక్కువైతే తగ్గిస్తుంది. అందుకే రోహిణీ కార్తె కన్నా ఫాల్గుణ మాసమే పలకకు అనుకూలం.

మూడు కిలోవాట్ల పలకలు నెలకు 300 నుంచి 360 యూనిట్ల దాకా ఇస్తాయి. పగలు ఇంట్లో వాడగా మిగిలింది లైన్లోకి వెళుతుంది. రాత్రి లైన్ నుంచి వెనక్కి తీసుకుంటారు. వెళ్లింది, వచ్చింది రెండూ లెక్కించేదే నెట్ మీటర్. నెలాఖరుకు తేడాకే బిల్లు. ఏడాదిలో మిగులు తేలితే డిస్కం డబ్బు ఇస్తుంది. కానీ ఆ ధర మనం కొనే ధరకన్నా తక్కువగానే ఉంటుంది. కాబట్టి అవసరానికి మించి పలకలు పెట్టించడం మంచి బేరం కాదు. ఇంకొకటి. బ్యాటరీ లేని ఏర్పాటులో ఊళ్లో కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. అది లోపం కాదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కు మన డాబా కరెంటు తగలకుండా కావాలనే అలా పెట్టారు. అమ్మేవాళ్లు ఈ సంగతి ముందుగా చెప్పకపోవచ్చు. అడిగి తెలుసుకోవాలి.

ఎవరికి లాభం? నెలకు 250, 300 యూనిట్లు వాడే ఇంటికి బాగా లాభం. పై శ్లాబుల రేటు తప్పుతుంది. నెలకు 60, 70 యూనిట్లు వాడే ఇంటికి సొంత డబ్బుతో పెట్టుకుంటే అంత తొందరగా గిట్టుబాటు కాదు. తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల దాకా సున్నా బిల్లు వచ్చే ఇంటికి పలకల మీద ఆసక్తి కలగడం కష్టమే. ఉచిత కరెంటు, డాబా సోలార్ ఒకదానికొకటి అడ్డుపడే చోటు ఇది. అలాంటి ఇళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు చేస్తున్నట్టు ప్రభుత్వమే పలకలు పెట్టడం తెలివైన దారి.

మధ్యాహ్నం మిగిలినదాన్ని సాయంత్రానికి దాచే మార్గాలు కూడా పెరుగుతున్నాయి. బ్యాటరీలు చవకవుతున్నాయి. నీటితో దాచే పద్ధతి మనకు పాతదే. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమ గట్టు విద్యుత్ కేంద్రంలో వెనక్కి తిరిగే టర్బైన్లు ఉన్నాయి. అవి కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి తోడతాయి. అవసరమైనప్పుడు అదే నీటితో కరెంటు తీస్తాయి. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల కేంద్రం ఇదే పద్ధతిలో వచ్చింది. అయితే దాచడానికి ఖర్చుంది. పైకి తోడిన వంద యూనిట్లలో వెనక్కి వచ్చేవి ఎనభైకి లోపే. మధ్యాహ్నమే వాడేస్తే ఈ ఖర్చూ లేదు, ఈ నష్టమూ లేదు.

ఒక ప్రశ్న మిగిలింది. మోటారు మధ్యాహ్నం వేస్తే బిల్లు తగ్గుతుందా? పాత మీటరున్న ఇంటికి ఈరోజు తగ్గదు. యూనిట్ ఎప్పుడు వాడినా ఒకటే రేటు. నెట్ మీటర్ ఉన్న ఇంటికి కూడా లెక్క దాదాపు అంతే. లాభం వెంటనే కాదు, చుట్టు తిరిగి వస్తుంది. సాయంత్రం ఖరీదైన కరెంటు కొన్న భారాన్ని డిస్కంలు సర్దుబాటు చార్జీల పేరుతో అందరి బిల్లుల్లోనూ కలుపుతాయి. సాయంత్రపు వాడకం తగ్గితే ఆ భారం తగ్గుతుంది. 2023లో కేంద్రం సవరించిన నిబంధనలు నేరుగా లాభం వచ్చే దారి కూడా పెట్టాయి. వాటి ప్రకారం స్మార్ట్ మీటర్ ఉన్నచోట ఎండ వేళల్లో రేటు తక్కువగా ఉండాలి. సాయంత్రపు రద్దీ వేళ ఎక్కువగా ఉండాలి. వ్యవసాయం తప్ప మిగతా వాడకందార్లకు దీన్ని 2025 ఏప్రిల్ 1 కల్లా తేవాలని ఆ నిబంధనల్లో ఉంది. ఎక్కడ ఎప్పుడు, ఎంత అన్నది ఆయా రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశాన్ని బట్టి ఉంటుంది. మీ ఇంటి మీటర్ ఏ రకమో, మీ కనెక్షన్‌కు వేళను బట్టి రేటు ఉందో లేదో, దగ్గరలోని కరెంటు ఆఫీసులో అడగండి. ట్యాంకు మోటారు వేళ మార్చడానికి మాత్రం ఏ ఆదేశమూ అక్కర్లేదు. రేపు మధ్యాహ్నం నుంచే మార్చవచ్చు.